పర్వతాలు తండ్రి వేషం

2024 జూన్ 3, సోమవారం

పర్వతాలు పొద్దున్నే మా చిలకలగూడ ఇంటికొచ్చాడు. గల్లీలో స్కూల్ పిల్లలు "అత్తమ్మా, అత్తమ్మా" అని వెంటపడ్డారట. నవ్వుతూనే చెప్పాడు. పదహారేళ్లుగా నేను రాసి తీసే కామెడీ షోల్లో వాడే అత్త, వాడే వదిన, వాడే పక్కింటి పిన్ని. వాడికి చీర కట్టిస్తే చాలు, జనం పడీపడీ నవ్వుతారు.

టీ తాగి, ఖాళీ కప్పు తిప్పుతూ అడిగాడు. ఒక్క స్కిట్ ప్యాంటు షర్టులో చేయనివ్వమని. తండ్రి వేషం. వాడి కూతురు లాస్య డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్లలో ఒక్క షూటింగ్ చూడ్డానికి కూడా రాలేదు. ఈసారి పిలుస్తాడట.

సరే అన్నాను. వాడు వెళ్లాక భయం పట్టుకుంది. రేటింగ్ పడితే ఛానల్ వాళ్లు నన్ను ఇంటికి పంపిస్తారు. ఈ వయసులో నాకు ఇంకో షో ఎవడిస్తాడు?

జూన్ 8

రాశాను. కూతుర్ని హాస్టల్లో దింపడానికి వెళ్లిన తండ్రి. ఏడుపు ఆపుకోవడానికి వార్డెన్‌తో, వాచ్‌మన్‌తో, ఆఖరికి మంచంతో కూడా జోకులేస్తుంటాడు. లాస్యను హాస్టల్లో వేసిన రోజు పర్వతాలు చేసింది అదే. ఎప్పుడో తనే చెప్పాడు.

చాలా ఏళ్లకి నేను రాసింది నాకే నచ్చింది. మా ఆవిడ వసుధకి చదివి వినిపిస్తే ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నచ్చలేదేమో.

జూన్ 12, మధ్యాహ్నం

లంచ్ బ్రేక్. లాస్య వచ్చింది, ముందు వరసలో కూర్చుంది. తండ్రి షర్టు తనే ఇస్త్రీ చేసిందట. ఆడియన్స్‌ని బోయిన్‌పల్లి నుంచి బస్సుల్లో తెచ్చారు. పర్వతాలు బెల్టు సర్దుకుంటూ కొత్త పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు.

జూన్ 12, సాయంత్రం

ఛీ. నా బతుకు.

మొదట బాగానే నవ్వారు. తర్వాత తగ్గింది. ఆ తర్వాత హాల్లో చడీచప్పుడు లేదు. పర్వతాలు హాస్టల్ మంచం మీద దుప్పటి పరుస్తూ జోకు వేస్తే ఒక్కడూ నవ్వలేదు. జీవితమంతా కామెడీయే రాసినవాణ్ణి, నవ్వు వినపడకపోతే నాకు ఊపిరాడదు. స్కిట్ ఇంకా మిగిలి ఉండగానే కట్ చెప్పేశాను.

వాణ్ని పక్కకు పిలిచి, తండ్రిని తల్లిగా మారుద్దాం, డైలాగులు అవే, చీర కట్టుకుని రా అన్నాను. పోయి కట్టుకొచ్చాడు. స్టేజి ఎక్కగానే హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది లాస్య.

స్కిట్ పేలింది. ఛానల్ మేనేజర్ నా భుజం తట్టాడు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

జూన్ 13

పర్వతాలు ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 17, సోమవారం

ఏ.ఎస్. రావు నగర్‌లో ఎడిటింగ్. మా ఎడిటర్ షెకీనాకి ఒక అలవాటుంది, కట్ చేసే ముందు ఆడియన్స్ కెమెరా ఫుటేజ్ మొత్తం చూస్తుంది. సార్, ఒకసారి ఇది చూడండి అంది. నేను మధ్యలో ఆపేసిన టేక్.

ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఒక పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. లాస్య ముఖం వచ్చేసరికి నేను చూడలేక తల దించుకున్నాను. బోరు కొట్టి నవ్వు ఆపలేదు వాళ్లు. వింటున్నారు. నేనేమో మానిటర్ ముందు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని నవ్వు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్కసారి తల తిప్పి జనం వైపు చూస్తే తెలిసేది. ఎంత వెధవని.

ఈ టేకే వేద్దామన్నాను. ఎండింగ్ లేదు కదా సార్, మీరు కట్ చెప్పేశారు అంది మెల్లిగా. రెండో టేక్ చూసే ఓపిక నాకు లేదు. ఆ పని ఆమెకే వదిలేసి వచ్చేశాను.

జూన్ 18

బోయిన్‌పల్లిలో వాడింటికి వెళ్లాను. పర్వతాలు వాకిట్లో బండి కడుగుతున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు. అంతా చెప్పాను. జనం ఏడ్చారని, గుడ్డివాణ్ణి నేనేనని. మళ్లీ షూట్ చేద్దాం రా అని బతిమాలాను.

వాడు నల్లా కట్టేసి అన్నాడు. "నాకెర్కే అన్నా. స్టేజి మీదున్నది నేను గద. ఏడుస్తున్నది నాకు కనవడ్డది."

మరి ఎందుకు ఆగిపోయావురా, నేనేదో వాగితే మాత్రం, అని గట్టిగానే అడిగాను.

"నువ్వు కట్ అన్నవ్. నీకు నచ్చలేదనుకున్న."

రీషూట్ వద్దన్నాడు. లాస్య మళ్లీ రాదట. ఆ రోజు బండి మీద ఇంటికి తీసుకొస్తుంటే, ఏం కాదు డాడీ, చీరలనే మంచిగున్నవ్ అందట. ఆ మాట చెప్పి లోపలికి పోయి చాయ్ తెచ్చాడు. తాగాను. ఇంకేం చేస్తాను?

జూన్ 23, ఆదివారం

షో వచ్చింది. ఆ నవ్వులు భరించలేక టీవీ సౌండ్ తీసేశాను.

అప్పుడు కనిపించింది. పర్వతాలు చీర కట్టాడు గానీ ఆడనడక నడవలేదు. నడుమూ మూతీ తిప్పలేదు. ఒంట్లో ఎక్కడా అత్త లేదు. తండ్రినే చేశాడు, చివరిదాకా.