వంతెన మీద జత చేసిన ఫ్రేములు

సెప్టెంబర్ 14
హెల్లెదాల్ చేరాను. క్యాలెండర్ ఫొటోల కోసం, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చే ఫ్యోర్డులన్నీ తిరిగిన ఈ ప్రయాణంలో ఇదే చివరి లోయ. నదికి ఇవతల బండరాతిలో నేను దిగగొట్టుకున్న ఇనుప మేకు చెక్కుచెదరలేదు. ఏటా దాని మీదే ట్రైపాడ్ నిలబెట్టి ఒకే దృశ్యం తీస్తాను. పైన నల్లని కొండకొమ్ము, దాని కింద సున్నీవా ఇల్లు, ముందు వంతెన.

సున్నీవా, నేను ఒకే బడిలో చదివాం. ఆమె భర్త ఓడ్‌వార్ గొర్రెలు పెంచుతాడు. ఎప్పటిలాగే వాళ్లింట్లోనే దిగాను. వేసవి మేత ముగిసి మంద కొండ దిగుతోంది. ఆ కొమ్మును ఊరంతా అత్తగారు అంటారు. ఏమ్మా తోర్దిస్, మా అత్తగారికి ఫొటో అంటే ఎంత మోజో చూశావా, ఒక్క ఏడాదైనా మొహం తిప్పుకోలేదు అన్నాడు ఓడ్‌వార్.

సెప్టెంబర్ 15, ఉదయం
కంప్యూటర్ తెర మీద నిరుటి ఫ్రేమ్ పైన ఈ ఏటి ఫ్రేమ్ పరిచాను. కొండకొమ్ము అంచుకు అంచు సరిపోయింది. ఇల్లు సరిపోలేదు. వంతెన కూడా సరిపోలేదు. రెండూ వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. ట్రైపాడ్ నిలపడంలో పొరపాటు జరిగి ఉంటుంది. మళ్లీ తీయాలి.

అదే రోజు, మధ్యాహ్నం
మట్టం సరిచూసుకుని మళ్లీ తీశాను. అదే తేడా.

రెండు ఫ్రేములు జత చేయాలంటే దృశ్యంలో కదలనిది ఒకటి ఆధారంగా ఉండాలి. నేను ఎప్పుడూ కొండనే ఆధారం చేసుకున్నాను. ఈసారి వంతెనను ఆధారం చేసుకుని జత చేశాను. ఇంటి మీద ఇల్లు కుదురుగా కూర్చుంది. నది గట్లు కలిశాయి.

కొండ కలవలేదు.

తెర మీద వెంట్రుకవాసి అంటే, అంత దూరాన, ఒక మనిషి పడుకునేంత జాగా. పాత ఫ్రేములన్నీ ఇలాగే జత చేసి చూశాను. ఏటా కొండ కొంచెం జరిగింది. ఈ ఏడు చాలా. కిటికీ వైపు తిరిగి కూర్చోలేకపోతున్నాను.

సెప్టెంబర్ 16
వాళ్లకు చూపించాను. ఓడ్‌వార్ నవ్వాడు. అత్తగారు ఏటా ఇదిగో వస్తున్నా అంటుంది, పెట్టె సర్దుకుంటుంది, గడప మాత్రం దాటదు, ఇంత చదువుకుని ఆవిడ మాట నమ్ముతావా అన్నాడు. సున్నీవా అతని చేతిలోని కాఫీ కప్పు లాగేసుకుని, ముందు కళ్లు తెరిచి చూడు, ఇకిలించడం తరువాత అంది. చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఇంకా కొన్ని గొర్రెలు పైనే ఉన్నాయే అన్నాడు.

జిల్లా కార్యాలయానికి ఫోన్ చేశాను.

సెప్టెంబర్ 18
భూగర్భ శాస్త్రవేత్త వచ్చింది. పగుళ్లు కొలిచి, సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చేయమంది. మమ్మల్ని నదికి ఇవతలి పాత బడిలోకి పంపారు. పరికరాలు వచ్చేదాకా నా కెమెరాను మేకు మీదే ఉంచి, నిమిషానికొక ఫ్రేమ్ తీసి బడిలోని నా కంప్యూటర్‌కు పంపుతూ ఉండనివ్వమని కోరింది. గొర్రెల సంగతి ఏమిటని ఓడ్‌వార్ అడిగాడు. పైకి ఎవరూ వెళ్లకూడదంది. ఇక్కడ చివరి గొర్రె దిగేదాకా కాపరి కొండను వదలడు. అది ఆమెకూ తెలుసు కాబోలు, అదే మాట మళ్లీ అతని కళ్లలోకి చూస్తూ చెప్పింది.

సెప్టెంబర్ 19
వాన, మధ్యమధ్య రాళ్లు జారుతున్న చప్పుడు.

సెప్టెంబర్ 20, ఉదయం
ఓడ్‌వార్ పక్క ఖాళీగా ఉంది. కొక్కేనికి అతని నారింజరంగు కోటు లేదు. బయట దట్టమైన పొగమంచు. సున్నీవా వాకిట్లో నిలబడి, మొండి పీనుగా, గొర్రెలనే కట్టుకోకపోయావా అని కొండ వైపు అరిచింది. అంతలోనే ఆ చప్పుడు. మొదట పాదాలకు తెలిసింది, తరువాత చెవులకు. అది ఎంతకూ ఆగలేదు.

సున్నీవా ఇంకా నా చెయ్యి వదలలేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను.

సెప్టెంబర్ 20, మధ్యాహ్నం
పొగమంచులో హెలికాప్టర్ ఎగరదు. రాళ్లు ఇంకా పడుతున్నాయి. ఓడ్‌వార్‌ను వెతకడానికి వచ్చిన రక్షక దళం నాయకుడు, నా మనుషులను ఒక్క వైపే పంపగలను, కొండ పక్కనున్న వాగు వైపా, కింద లోయ వైపా, మీ కెమెరా ఏమైనా చూసిందా అని అడిగాడు.

మనుషులు ఫ్రేములోంచి తప్పుకునేదాకా ఓపికగా కాచుకోవడమే నా పని. ఈరోజు ఒక మనిషి కోసం ఫ్రేము తరువాత ఫ్రేము వెతికాను. అంతా తెలుపు. కొండ విరగడానికి కాస్త ముందు మంచు ఒకటి రెండు నిమిషాలు విడిపోయింది. ఒక నారింజ చుక్క. కెమెరా లోపలి ధూళి కావచ్చు. ధూళి అయితే తరువాతి ఫ్రేములోనూ అక్కడే ఉండాలి. రెండింటినీ వంతెన ఆధారంగా జత చేశాను. చుక్క వాగు వైపు జరిగింది. మూడో ఫ్రేము నిండా మంచు.

ఏది కదిలిందో ఏది కదలలేదో ఇన్నేళ్లూ తప్పుగా చూసినదాన్ని. ఇప్పుడూ తప్పైతే ఓడ్‌వార్ ఒక్కడే కాదు, దళంలోని ఆ కుర్రవాళ్లందరూ పోతారు. సున్నీవా నా మొహం చూస్తోంది.

వాగు వైపు అన్నాను.

సెప్టెంబర్ 21
ఓడ్‌వార్ దొరికాడు. వాగు అవతలి రాళ్ల సందులో, తుంటి విరిగి, ప్రాణంతో. స్ట్రెచర్ మీదే, అత్తగారు వచ్చేసింది కదూ, ఇల్లు ఉందా అని అడిగాడు. లేదని సున్నీవా చెప్పింది. తరువాత అతని తల ఒళ్లో పెట్టుకుని తనకు వచ్చిన తిట్లన్నీ తిట్టింది.

సెప్టెంబర్ 24
ఆసుపత్రి కిటికీలోంచి ఎదుటి కొండ కనిపిస్తుంది. అందమైన కొండ. నిన్న ఒక ఫ్రేము తీశాను. ఈరోజు ఒకటి తీశాను. సున్నీవాకు చెప్పలేదు. ఇంకా జత చేసి చూడలేదు.