తొమ్మిదో సీసా

జమ్మలమడుగు,
శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి శ్రీలేఖను అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నేనూ మీ నాన్నా ఇక్కడ బాగానే ఉన్నాం. ఆయన మోకాలి నొప్పి కూడా బాగానే ఉంది, ఎక్కడికీ పోలేదు. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, ఒంట్లో నలత ఏమీ లేదనీ తలుస్తాను.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. కారణం ఉంది, చెబుతాను. ముందు నువ్వు ఖాళీ సీసాల పెట్టెలో పెట్టి పంపిన ఉత్తరానికి జవాబులు రాయనీ.

మన బావి చుట్టుపక్కల ఎవరూ కొత్తగా బోరు వేయలేదు. బావిలో మోటారు గానీ వైరు గానీ లేవు. తోటల్లో మైలుతుత్తం, అదే ఆ రాగి మందు, కొట్టారేమో కనుక్కోమన్నావు కదా, మన పెరటి వెనక చీనీ తోట శివమ్మను అడిగాను. "ఈ యేడు మైలుతుత్తం ముట్టుకోనేలేదు అయ్యోరమ్మా, ఏమిటికి అడుగుతాండావు?" అంది. మా బావి నీళ్లలో రాగి కనబడిందట అన్నాను. "నీళ్లలో రాగి యాడిది? అంత రాగి నీళ్లలోనే ఉంటే దొంగ నాయాండ్లు మా మోటారు వైర్లు ఏల కోసుకపోతాండారు?" అని పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

లేఖా, నిన్న మధ్యాహ్నమంతా మీరు ముగ్గురూ ఆషాఢంలో జీపులో వచ్చిన రోజే గుర్తుకొస్తూ ఉండింది. కెమిస్ట్రీ నీది, లెక్కలు పులివెందుల పిల్ల తనూజవి, ఇంజనీరింగు ప్రొద్దుటూరు షాకీర్‌ది. పెన్నా పక్కన భూమి లోపల నీళ్లు ఎటు పోతాయో, దారిలో వాటిలో ఏమేం కలుస్తాయో మూడేళ్లుగా వెతుకుతున్నామని చెప్పారు. నాకు సగం అర్థమైంది. కళ్లు మాత్రం పూర్తిగా తెరుచుకున్నాయి.

వేసవిలో చేంతాడు ఎన్ని మూరలు దిగుతుంది, వానాకాలంలో ఎన్ని మూరలు దిగుతుంది అని తనూజ నన్ను అడిగింది. ఇంత చదివిన పిల్లకు నా చేంతాడుతో ఏం పని అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా తోడుతున్నదాన్ని, ఏ నెలకు ఎన్ని మూరలో చెప్పేశాను. ఆ పిల్ల అవన్నీ రాసుకుని, కింద ఏవో గుర్తులు వేసి, పెద్ద లెక్క కట్టింది. నా చేంతాడు ఆ లెక్కలో ఒక అక్షరమైంది. "మైలవరం డ్యాములో నీళ్లు వదిలితే పదకొండో రోజుకు మీ బావిలో జానెడు లేస్తాయి చూడండి అమ్మా," అని చెప్పి వెళ్లింది. నేను నమ్మలేదు. శ్రావణంలో నీళ్లు వదిలారని తెలిసి రోజూ తాడు కొలిచాను. పదో రోజు ఏమీ లేదు. పదకొండో రోజు పొద్దున చేద వేస్తే, నా చెయ్యి అలవాటుగా ఆగే చోటుకు జానెడు పైనే నీళ్లు తగిలాయి. చేద పైకి లాగి, మళ్లీ వేసి చూశాను. అదే జానెడు. కనపడని నీళ్లు కనపడని రాళ్లలో నడిచి వస్తుంటే, ఎక్కడో గదిలో కూర్చున్న ఆడపిల్ల వాటి అడుగులు లెక్కపెట్టింది! ఇన్నేళ్లూ ఆ నీళ్లే తాగాను, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయని ఒక్కనాడూ అడగలేదు.

మీ ఫిజిక్సు సారు తయారు చేయించిన యంత్రం నీళ్లలో కలిసినదాన్ని ఎంత చిన్నదైనా పట్టేస్తుందని నువ్వు అన్నప్పుడు, ఎంత చిన్నదీ అని అడిగాను గుర్తుందా? షాకీర్ అందుకుని, "ట్యాంకరు నిండా నీళ్లల్లో చిటికెడు ఉప్పేసి కలిపినా కనుక్కుంటాదమ్మా, దాని కండ్లు గప్పేది మన చేత కాదు," అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే తనూజ ఫోనుకు పటం పంపింది. పదహారు బావుల్లో మన బావి దగ్గర ఒక్కచోటే ఎర్రగా ఉంది. మన ఇంటి కింద రాతిలో రాగి పొర ఉండవచ్చుననీ, మీ సారు మురిసిపోయారనీ, ఇరవయ్యో తేదీన శాస్త్రవేత్తల సభలో నీ చేతే చెప్పించి తర్వాత నీ పేరుతో అచ్చుకు పంపుతారనీ చెప్పింది. కింద రాగి ఉందనుకుని, ఆ రోజంతా ఇంట్లో నడవాలంటే కాలు బరువుగా వేయలేకపోయాను. మీ నాన్న ప్రొద్దుటూరు పెళ్లిలో పౌరోహిత్యానికి పోయి, మంత్రాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా నీ సంగతే చెప్పి వచ్చారట.

పోయిన శుక్రవారం పొద్దున పూజకు ముందు రాగి చెంబును చింతపండుతో తోముతున్నాను. తోమి కడిగాక ఎందుకో చేతులు వాసన చూసుకున్నాను. రాగి వాసన. అక్కడే చెంబు చేతిలోంచి జారిపోయింది.

లేఖా, ఆ రాగి భూమిలోది కాదు. నా చెంబులోది.

భాద్రపదంలో మీరు బస్సులో పంపిన ప్లాస్టిక్ చేదతోనే తోడి, వారానికో సీసాలో నేరుగా పోయమన్నారు. ఎనిమిదో సీసా దాకా అలాగే చేశాను. కార్తీకం వచ్చింది. తెల్లవారుజామునే మడి కట్టుకుని అభిషేకానికి నీళ్లు తోడాలి. బస్సుల్లో పదిమంది చేతులు మారి వచ్చిన ఆ చేదను మడిలో ముట్టుకోలేక, రాగి చెంబుకే తాడు కట్టి తోడాను. పూజ అయ్యేదాకా చెంబు దేవుడి ముందే ఉండేది. తర్వాత మిగిలిన నీళ్లు సీసాలో పోసేదాన్ని. మడి ఒక్కటే కారణమని రాస్తే ఇది కూడా అబద్ధమే అవుతుంది. నా బిడ్డ చదువుకు పనికొచ్చే నీళ్లు దేవుడి ముందు కాసేపు ఉంటే మంచిదని నాకు ఆశ. నీ పని నాకు అర్థం కాదు కదా, నా వంతుగా ఏదో ఒకటి కలపాలనిపించింది. కలిపాను. కార్తీకం పోయినా ఆ అలవాటు పోలేదు.

మీరిచ్చిన పుస్తకంలో 'చెప్పిన పద్ధతిలోనే తీశారా?' అని ప్రతి వారానికీ ఒక గడి ఉంది. తొమ్మిదో సీసా నుంచి పదహారో సీసా దాకా ఎనిమిది సార్లు 'అవును' అని రాసి సంతకం చేశాను. కాదని తెలిసే రాశాను. పోయిన వారం నాకు జ్వరమని, సీసా పంపలేకపోయానని మీ నాన్న చేత ఫోనులో చెప్పించాను. జ్వరమూ లేదు, గిరమూ లేదు. నీకు ఏ మొహంతో చెప్పాలో తెలియక ముసుగు తన్ని పడుకున్నాను.

నిన్న మీ నాన్నకు చెప్పాను. "చెప్పకుంటే ఏమైతాది?" అని నేనే అడిగాను, సిగ్గు లేకుండా. ఆయన, "పాప అంతమంది ముందర నిలబడి లేని రాగి ఉందని చెప్తాది. రేపు ఇంకెవురో వచ్చి తవ్వి చూస్తే పాప పేరేం గావాల? రాయి జానకీ, రేపే రాయి. ప్రొద్దుటూరులో నేను గొప్పలు చెప్పిన ప్రతి ఇంటికీ నేనే పోయి కాదని చెప్పొస్తా," అన్నారు. ఆ మోకాలితో అన్ని మెట్లు ఎక్కాలి పాపం.

ఫోనులో చెబితే నువ్వు "పర్లేదులేమ్మా" అంటావు. ఆ మాటతో అది నీలోనే ఉండిపోతుంది. సంతకం ఉన్న కాగితమైతే మీ సారు ముందు పెట్టక తప్పదు. అమ్మ పరువు పోతుందని దాచవద్దు. మూడేళ్ల కష్టంలో దొరికిన ఒక్క మెరుపునూ నా చేతులతోనే ఆర్పాను, కోపం వస్తే కోప్పడు. నేను పడతాను.

ఈ పెట్టెలో మూడు సీసాలు పంపుతున్నాను. మూడూ ఈ పొద్దు మన బావిలో తోడినవే. ఒకటి మీ చేదతో తోడి నేరుగా పోసింది. ఒకటి రాగి చెంబులో దేవుడి ముందు పెట్టి పోసింది. ఇంకొకటి స్టీలు చెంబులో, అదే దేవుడి ముందు, అంతే సేపు పెట్టి పోసింది. రాగి మహిమో దేవుడి మహిమో తేలాలి కదా! సీసాల మీద ఒకటి, రెండు, మూడు అని మాత్రమే రాశాను. ఏది ఏదో వేరే కవరులో రాసి అంటించాను. యంత్రం చెప్పిన తర్వాతే, మీ సారు ఎదుట దాన్ని చించు.

ఏ సీసా ఏదో నీకు కూడా ముందుగా ఎందుకు చెప్పలేదంటావా? తప్పు ఒప్పుకున్నాక కూడా, మన ఇంటి కింద నిజంగానే రాగి ఉంటే ఎంత బాగుండునో అని పొద్దున్నుంచి పదిసార్లు అనిపించింది. నాకే ఇలా ఉంటే, మూడేళ్లు కష్టపడినదానివి, నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు తల్లీ. అందుకే కవరు గట్టిగా అంటించాను.

ఇట్లు,
నీ నీళ్లు కలుషితం చేసిన
నీ అమ్మ,
జానకమ్మ.