కుదురుగా కూర్చున్న పిల్లాడు

నల్లగండ్ల,
మే నెలాఖరు.

ప్రియమైన నాయనకు,

నమస్కారాలు. ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అమ్మ నవ్వుతుంటుంది. ఏం చేయను? నీకు చెవి మందగించాక ఏదైనా అరిచి చెప్పాలి. అరిస్తే నీ మనవడు ఓంకార్ వింటాడు. ఇది వాడు వినకూడని మాట.

వాడికి ఒకటో తరగతిలో సీటు వచ్చింది. మన కదిరిలో అయితే నువ్వు నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి బడిలో కూర్చోబెట్టావు. ఇక్కడ ఆరేళ్ళ పిల్లాడికి ఇంటర్వ్యూ ఉంటుంది. కుదురుగా కూర్చుంటాడా, అడిగినదానికి జవాబు చెబుతాడా అని చూస్తారు. మనవాడి సంగతి నీకు తెలుసు కదా, కాలుగాలిన పిల్లి. అన్నం ముద్ద నోట్లో ఉండగానే బాల్కనీలో తేలతాడు. కొండాపూర్ డాక్టరమ్మ దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పినప్పుడు నువ్వేమన్నావు? "మగపిల్లోడు దుమకక ఏం చేస్తాడు, ఈ డాక్టర్లకు పనిల్యా" అన్నావు. పనిలేక కాదు నాయనా. ఒకచోట మనసు నిలపడానికి వాడు మనకన్నా ఎంతో ఎక్కువ కష్టపడాలట. తప్పు వాడిదీ కాదు, నా పెంపకానిదీ కాదట. ఆ రెండో మాట విన్నాక లిఫ్టులో నిలబడి ఏడ్చాను.

నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. పోయినేడు వాణ్ణి ప్లేస్కూల్ మాన్పించింది మేం కాదు, వాళ్ళే వద్దన్నారు. గేటు దగ్గర మిగతా తల్లులందరి ముందూ, "వేరేచోట చూసుకోండి మేడం" అన్నారు. వాడు నా చున్నీ పట్టుకుని, నేనేం చేశానమ్మా అని అడిగాడు. అందుకే ఈసారి బడిలో డాక్టరమ్మ మాట చెప్పలేదు. ముందే చెబితే వాళ్ళు సాయం చేయగలుగుతారని ఆవిడ అన్నా వినలేదు.

మీ అల్లుడు భరత్ ఆఫీసులో ఉద్యోగాలకొచ్చేవాళ్ళను ఇంటర్వ్యూ చేసే మనిషి. రోజూ సాయంత్రం కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేశాడు. చేతులు తొడల కింద పెట్టుకో. కదలకు. అడగనిదే మాట్లాడకు. కదిలావో ఇంటికి పంపించేస్తారు. పక్కన నిలబడి తప్పులు పట్టింది నేనే. అసలు రోజున వాడు బొమ్మలా కూర్చున్నాడు. ఎంత బుద్ధిమంతుడండీ అని ప్రిన్సిపల్ గారు మురిసిపోతుంటే ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాం.

బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. వాడి సంగతి ఎప్పుడు బయటపడుతుందోనని రోజులు లెక్కపెడుతున్నాను. అమ్మకు చెప్పకు, ఉపవాసాలు మొదలుపెడుతుంది.

నీ కూతురు,
అశ్విని

నల్లగండ్ల,
జూలై.

నాయనా,

నీ జవాబు అందింది. బడికి పోతే అన్నీ సర్దుకుంటాయని రాశావు. నిజంగానే సర్దుకున్నాయి. ఇప్పుడు నా భయమంతా అదే.

వాళ్ళ టీచరు కిరణ్మయి గారు కనిపించినప్పుడల్లా మెచ్చుకుంటుంది. వాడంత నెమ్మదైన పిల్లాడు క్లాసులోనే లేడట. ఆ సంబరంలో మీ అల్లుడు ఆఫీసులో స్వీట్లు పంచాడు. నేను మాత్రం వాడి చొక్కా కాలర్లు చూస్తున్నాను. రోజూ నమిలి పీలికలు చేసుకుని వస్తున్నాడు. టిఫిన్ డబ్బా పంపింది పంపినట్టే తిరిగొస్తోంది. ఇంట్లో అడుగుపెట్టగానే బూట్లు గోడకేసి కొట్టి, సోఫా మీంచి దూకి దూకి, చివరికి ఏడుస్తాడు. ఎందుకో వాడికీ తెలియదు. కింది ఫ్లాటు ఆవిడ చప్పుడు భరించలేక పైకొచ్చి వెళుతోంది.

నిన్న బడి నుంచి ఫోను వచ్చింది. వాడు కూర్చున్నచోటే నిక్కరు తడుపుకున్నాడు. పిల్లలు నవ్వారట. అడిగితే పంపేదాన్ని కదా అని టీచరు నొచ్చుకుంది. ఇంటికి తెచ్చి స్నానం చేయిస్తూ ఎందుకు అడగలేదు కన్నా అన్నాను. సబ్బు నురగతో ఆడుకుంటూ చెప్పాడు.

"కదిలితే పంపించేస్తారు కదా. అమ్మా, ఇంటర్వ్యూ ఎప్పుడు అయిపోతుంది?"

నాయనా, వాడు ఇన్నాళ్ళూ బడికి పోలేదు. రోజూ ఇంటర్వ్యూకి పోయి వచ్చాడు. సీటొచ్చిందని బంధువులందరికీ చాటుకున్నాం కానీ, ఇక కదలొచ్చని వాడికి ఒక్కరమూ చెప్పలేదు.

బడికెళ్ళి ఉన్నదంతా చెప్పేస్తానన్నాను. మీ అల్లుడు ఒప్పుకోలేదు. "చెప్తే మళ్ళా గేటుకాడ నిలబెడతారు. అప్పుడేం చేస్తావు?" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. అయినా సోమవారం వెళుతున్నాను. ఆయన వస్తే ఇద్దరం, లేకపోతే నేనొక్కదాన్నే. సీటు పోతే పోనీ అని రాద్దామంటే చేయి రావడం లేదు. నరసింహస్వామికి ఒక మాట చెప్పి ఉంచు.

నీ
అశ్విని

నల్లగండ్ల,
ఆగస్టు.

నాయనా,

సోమవారం ఆయనా వచ్చాడు. ప్రిన్సిపల్ గారి ముందు నాకన్నా ముందు నోరు విప్పింది ఆయనే. అంతా చెప్పాడు, మేం నేర్పిన పాఠంతో సహా. ఆవిడ టీచరును కూడా పిలిపించింది. విన్నాక కిరణ్మయి గారే మాట్లాడింది. "జర ముందుగాల చెప్తే ఏంబోయె మేడం? పిల్లగాడు మంచిగున్నడని నేను ఖుషీ అయితున్న." ఆ మాటకు ఆమెకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సీటు తీసేయలేదు. వాణ్ణి ముందు వరసలోకి మార్చారు. పని చిన్నచిన్న ముక్కలుగా ఇస్తున్నారు. మధ్యమధ్య లేచి తిరగడానికి పుస్తకాలు పంచే పని వాడికే అప్పగించారు. ఏది పనిచేస్తుందో చూసుకుంటూ పోదామని డాక్టరమ్మ కూడా టీచరుతో మాట్లాడింది. ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయిందని, కదిలినా ఎవరూ పంపరని వాడికి ఇద్దరం చెప్పాం. వాడు తలూపాడు, నమ్మలేదు. పుస్తకాలు పంచేసి మళ్ళీ చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. పిల్లాడిలో భయం పెట్టడం ఎంత తేలికో, తీయడం అంత కష్టమని రోజూ అనుకుని కుమిలిపోయాను.

ఈరోజు మా ఆఫీసు మీటింగులో ఉండగా మళ్ళీ బడి నుంచి ఫోను. వరండాలోకి పరిగెత్తాను.

"మీవాడు ఇయ్యాల లెక్కల క్లాసుల బెంచి ఎక్కిండు మేడం" అంది కిరణ్మయి గారు. "దిగమంటే దిగడు. ఇగ నన్ను పంపించేస్తరా అని అడిగిండు. పంపను, దిగు అన్న. మల్ల అడిగిండు. పంపనురా అన్న. అప్పుడు దిగిండు."

నాయనా, మనవాడు బడిలో చేరాడు.

నీ కూతురు,
అశ్విని