అడగక్కర్లేని దారి

గ్లెన్‌రోవన్, దక్షిణ ద్వీపం
మార్చి 16, ఆదివారం

లాక్లన్‌కు,

మోరాగ్ రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ, మీ ఆవిడ జీనూ, గొర్రెలూ, కుక్కలూ బాగుండాలని కోరుకుంటున్నాను. ఎంత కోపంలో ఉన్నా ముందు క్షేమం అడగాలని నాన్న నేర్పాడు కాబట్టి అడిగాను. ఆ ముచ్చట అయిపోయింది.

వానలు ఆగాయి, చలికాలం దగ్గరపడుతోంది. మొన్న తెల్లారేసరికి పెరట్లో గడ్డి మీద మంచు పేరుకుంది. ఇంకో రెండు వారాల్లో కొండ మీద మగదుప్పులు జోడు కోసం అరవడం మొదలుపెడతాయి. నాన్న ఈ నెల మొదట్నుంచీ తుపాకీ తుడుస్తూనే ఉన్నాడు. కాల్చడానికి కాదులే, ఎనభై మూడేళ్ల తుంటితో ఆయనేం కాలుస్తాడు! అడవి అంచున కుర్చీ వేసుకుని ఆ అరుపు ఒక్కసారి వినాలి, అంతే. వేట అనుమతి కాగితం ఉచితమే కదా, ఇద్దరి పేర్లతోనూ తీశాను. అడవి ప్రభుత్వానిది, అంటే అందరిదీ. కానీ అక్కడికి చేరాలంటే మీ పొలం దాటాలి, మీ గేటు దాటాలి, అందుకు మీ అనుమతి కావాలి. పుట్టినప్పట్నుంచీ నేను నమ్మింది ఇదే.

ఎన్నేళ్లు అడిగాను నిన్ను? మీ నాన్న ముర్డో ఉన్నంతకాలం ఆయన్ని మా నాన్న అడిగేవాడు. ఆయన పోయాక ఇరవై ఆరేళ్లుగా నిన్ను నేను అడుగుతున్నాను. ప్రతి మార్చిలో ఫోను. వెళ్లొచ్చా అని నేను, చూద్దాంలే అని నువ్వు. ఆ చూద్దాంలే కోసం మీ గొర్రెపిల్లల తోకలు కోసే వారమంతా సెలవు పెట్టి సాయానికి వచ్చేదాన్ని. వేట దొరికితే ముందు ఒక తొడ జీన్‌కి, ఆ తర్వాతే మాకు. తెరిచిన గేటు తెరిచినట్టే, మూసిన గేటు మూసినట్టే వదిలి వెళ్లాం. ఒక్కసారైనా తప్పు చేశామా?

పోయినేడు కుదరదన్నావు. దారి వరదకి కొట్టుకుపోయింది, ట్రక్కు దిగబడుతుంది, పెద్దాయనతో అలాంటి పనులెందుకు మోరాగ్ అన్నావు. నమ్మాను. అయినా దూరం నుంచైనా వినబడుతుందేమోనని గేటు దాకా వచ్చాం. నువ్వు బైకు మీద వచ్చి, తాళంచెవి జేబులోంచి తియ్యకుండానే, వచ్చే ఏడు చూద్దాంలే బాబాయ్ అన్నావు. నాన్న తలూపాడు. కొండవైపు ఓసారి చూసి, పదమ్మా, టీ చల్లారిపోతుంది అన్నాడు. టీ ఫ్లాస్కులో ఉంది. అది చల్లారదని ఆయనకీ తెలుసు.

రెండు వారాల తర్వాత మాంసం కొట్లో గోడ మీద దుప్పి తల కనబడింది, కొమ్ములకి పన్నెండు మొనలు. ఎక్కడిదని అడిగాను. లాక్లన్ ఇంట్లో దిగిన ఆక్లండ్ అతిథులదమ్మా, ఆ పొలం వెనక అడవిలో, పై లోయలో కొట్టారట, ట్రక్కులో దర్జాగా వెళ్లొచ్చారట అని నవ్వాడు కొట్టు ఆయన. నేనూ నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. నాన్నకి చెప్పలేదు.

ఈ గురువారం కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి, ఆ లోయకి ఇంకో దారేమైనా ఉందా అని అడిగాను. బల్ల వెనక కూర్చున్న పిల్ల కంప్యూటరు తెర నావైపు తిప్పి, ఇంకో దారెందుకండీ, ఇదుందిగా అంది. మీ గేటు నుంచి అడవి దాకా, ఇరవై మీటర్ల వెడల్పున, పాతకాలం సర్వేలో గీసిన ప్రభుత్వ రోడ్డు. కంకర లేదు, తారు లేదు, ఉన్నదంతా కాగితం మీదే. అయినా రోడ్డు రోడ్డేనట. ఎవర్నీ అడగక్కర్లేదు, దర్జాగా వెళ్లండి, తాళం వెయ్యడమే తప్పు అంది. పాపం, పొలం వాళ్లకి తెలియదేమోనమ్మా అని నేను నిన్ను వెనకేసుకొచ్చాను. ఆ పిల్ల ఫైలు తీసింది. తాళం గురించి పదకొండేళ్ల కిందటే ఉత్తరం రాశామండీ, ఆయన జవాబు ఇదిగో అంది. రోడ్డు సంగతి నాకు తెలుసు అని నీ చేతిరాత. బళ్లో నా పుస్తకం చూసి ఎక్కించుకున్న చేతిరాత, గుర్తుపట్టనా?

అంటే అన్నీ తెలిసే చూద్దాంలే అన్నావు. నాది నాకే దానం చేస్తూ, దానికి తొడమాంసం పుచ్చుకున్నావు. పోయినేడు ఆ దానం కూడా మానేశావు. ఒళ్లు మండిపోతోంది లాక్లన్. నువ్వు పరాయివాడివైతే ఇంత మండేది కాదు.

ఏప్రిల్ మొదటి శనివారం నాన్నని తీసుకుని వస్తున్నాను. ఈసారి ఫోను చెయ్యను. తాళం ఉంటే, దాన్ని కోసే కత్తెర కొన్నాను. ఆ మ్యాపు నకలు వేటగాళ్ల క్లబ్బు బోర్డు మీద అంటిస్తాను. ఎవరికి కావాలంటే వాళ్లొస్తారు.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీ స్నేహితురాలిననుకున్న
మోరాగ్

తా.క.: కవరు అంటించబోతూ ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. సంతోషిస్తాడనుకున్నాను. తుపాకీ తుడిచే గుడ్డ మడతలు పెడుతూ, నాకు తెలుసమ్మా అన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు, ఆ సర్వే కాగితం ముర్డోకి చూపించిందే నేను అన్నాడు. మీ వంటింట్లో కూర్చుని ఇద్దరూ మాట అనుకున్నారట. రోడ్డు సంగతి నాన్న ఎవరికీ చెప్పకూడదు, మమ్మల్ని తప్ప వేరే వాళ్లెవర్నీ ముర్డో రానివ్వకూడదు. ఎవరికీ అనుమానం రాకుండా ప్రతి ఏడూ అడిగే వెళ్లాలి. పోయేముందు ముర్డో ఈ మాట నీకూ అప్పజెప్పాడట, నాన్న ఎదుటే.

అయితే ఆ రోజు గేటు దగ్గర మీ ఇద్దరికీ అంతా తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ లోయలో ఎప్పుడూ ఇంకో మనిషి కనబడకపోతే మా అదృష్టం అనుకున్నాను! అప్పుడే చెప్పొచ్చుగా నాన్నా అని అరిచాను. మాటిచ్చాక ఎలా చెప్తానమ్మా అన్నాడు. లాక్లన్ తప్పాడుగా అంటే, అది వాడి సంగతి అన్నాడు. నీ మీద మొదలైన కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

అడక్కుండా గేటు దాటనని మొండికేశాడు. కత్తెర ఎక్కడో దాచేశాడు కూడా. మ్యాపు మాత్రం బోర్డు మీద పెడతాను, ఆ మాట నేనివ్వలేదు. కానీ ఆయనకి ఇంకో మార్చి ఉంటుందో లేదో. అందుకని, కాదనే హక్కు నీకు లేదని తెలిసీ అడుగుతున్నాను. ఏప్రిల్ మొదటి శనివారం మేం వెళ్లొచ్చా?

ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. చూద్దాంలే అని మాత్రం అనకు. ఫోను నాన్నే ఎత్తుతాడు.