గోడ మీద నీ ఫోటో

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వరంగల్ రైల్వే స్టేషన్ ఎదురుగోడ మీద ‘అమరుడికి జోహార్లు’ అంటూ నీ పోస్టర్ వెలిసింది. మీ పోస్టర్లకు మైదా ఉడికించి ఇచ్చినదాన్ని, నాకు తెలియదా? ఇది మీవాళ్ల పని కాదు. ఒక్క ముడత లేకుండా అంటించారు. మీకెప్పుడూ అంత తీరిక ఉండేది కాదు.

పైగా ఆ ఫోటో మనిద్దరం కలిసి దిగింది. ఉన్న ఒక్క కాపీనీ ఇల్లు సోదా చేసిన రోజు పోలీసులు పట్టుకుపోయారు.

చాయ్ హోటల్ ముందు ఎవరో కొత్తమనిషి, పోస్టర్ దగ్గర ఆగినవాళ్లనే చూస్తున్నాడు.

“ఎవరక్కా, మీవోడా?” అన్నాడు.

ఫోటోలోంచి నన్ను కత్తిరించారు గానీ, నీ భుజం మీద నా వేళ్లు మిగిలిపోయాయి. ఆ చేతినే కొంగుచాటున దాచుకుని, “నాకెర్క లేదు” అన్నాను.

అక్క