మొదటి ముద్ద

జూలై 3
నరసరావుపేట. నెల సెలవు, నిద్రపోదామని వచ్చాను. ఊచకోతలు జరిగిన దేశాల్లో చంపినవాళ్ళనూ, పోగొట్టుకున్నవాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి నిజం చెప్పించడం నా ఉద్యోగం. విని విని అలిసిపోయాను. ఇక్కడా తప్పలేదు. పక్కింటి ఖాసింబీ అక్క కుట్టుమిషన్ ఆపి వచ్చి కూర్చుంది. గురజాల దగ్గర వాళ్ళ ఊరి పెద్దలు రాజీకి పిలుస్తున్నారట.

జూలై 5
పార్టీ గొడవల్లో అక్క భర్త మస్తాన్‌ను నరికి చంపిన కేసు. ముద్దాయి సాంబయ్య. దూరం నుంచి చూసిన ఒకే ఒక్క సాక్షి అక్క. కోర్టులో ‘నేను చూడలేదు’ అనాలి — అదీ రాజీ. అలా అంటే సొంతింటికి తిరిగి వెళ్ళొచ్చు. లేకపోతే ఆ గడప తొక్కనివ్వరు. నేను వద్దన్నాను. అక్క అంది: “చివర్న ఆయన ఏమన్నాడో వాడికే ఎరిక. అది చెప్పమను, చాలు.”

జూలై 8
పెద్దలతో ఫోన్. రాజీలో పాత మాట ఎత్తకూడదట, ఆనవాయితీ. ఎత్తితేనే వస్తామన్నాను. ‘ఏందమ్మా, ఇదేమన్నా ఫారినా’ అన్నాడొకాయన. చివరికి సరేనన్నారు — కానీ ఎవరూ రికార్డు చెయ్యకుండా సెల్‌ఫోన్లు బయట పెట్టాలి.

జూలై 12
ఒళ్ళు నొప్పులు. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 15
అక్క వాళ్ళ ఊళ్ళో షామియానా. సాంబయ్య లేచి, జరిగిందేదో జరిగిపోయిందని కూర్చున్నాడు. ఎవరు చేశారో మాటే లేదు. ఇదే వాక్యం ఎన్ని భాషల్లో విన్నానో... కోపం కూడా రాలేదు.

విస్తళ్ళు వేశారు. రాజీ భోజనంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు మొదటి ముద్ద తినాలి, ఆ తర్వాతే మిగతా బంతి. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పప్పు చల్లారింది. ఈగలు. ఎవరూ చెయ్యి కదపలేదు. పెద్దలు బతిమాలారు, కసిరారు. కదల్లేదు.

సాంబయ్య తల దించుకుని: “మంచినీళ్ళడిగాడు. నేనియ్యలా.”

అక్క లేచింది. అన్నం ముట్టలేదు, వదల్లేదు. విస్తరి మడిచి సంచిలో పెట్టుకుంది. రాజీ అయినట్టా, కానట్టా అని పెద్దలు నన్నడిగారు. తెలియదన్నాను.

జూలై 16
ఆ విస్తరి అక్క వంటింట్లోనే ఉంది. వాసన వస్తోంది. తినదు, పారెయ్యదు.

జూలై 17
రేపు కోర్టు. సాయంత్రం అక్క వచ్చింది.

“వాడు నిజం చెప్పాడు గదా. ఇప్పుడు నేను అబద్ధం చెప్పాలా?”

 పొద్దున్నే బస్సు. తోడు వెళ్తున్నాను.