క్యాంపు వెనక చెరువు

మల్లన్నకు తమ్ముడి శనార్తులు.

మన సంఘం చెరువులో వల వేసే రోజుకు నేను రాలేను. నా వాటా చేపలు పోయినట్టే. తప్పు నాదే.

మా కెనడా సార్‌కు వాళ్ళ ఊళ్ళో మంచు కరగగానే చెరువులో గాలం వేసే అలవాటట. ఈసారి సెలవు దొరకక, ఈ ఎడారిలో మా పనివాళ్ళ క్యాంపు వెనక ఇసుకలో గుంట తవ్వించి ట్యాంకర్ నీళ్ళు నింపించాడు. పని లేని మూడు శుక్రవారాలు ఖాళీ గాలం పట్టుకుని కూర్చున్నాడు. గంగపుత్రుణ్ణి కదా, చూడలేకపోయాను. ఆయన కునుకు తీయగానే బజారులో కొన్న హమూర్ చేపను గాలానికి తగిలించాను.

సార్ లేచి గంతులేశాడు. చేప చచ్చి ఉందేమని అడిగితే ఫోర్‌మన్ జలంధర్ "పానీ గరం, సార్" అని సర్దిచెప్పాడు.

నిన్న సార్‌కు సెలవు వచ్చింది. ఆయన వద్దన్నాడు. నా సెలవు కాగితం కూడా చింపేశాడు. జలంధర్‌ను అడిగితే చెప్పాడు:

"ఇంత మంచి చెరువు ఇడిచిపెట్టి ఎవడన్న ఇంటికి పోతడా అంటున్నడు."